కూనకు వేరే గది

ఇంట్లో పాత పిల్లులు రెండున్నప్పుడు కొత్త కూనకు మొదటి వారం వేరే గది, మూసిన తలుపు. ఇది పరుపుల కొట్టు నడిపే ఇల్లాలి మాట. పొద్దున లేచేసరికి ఆ మాటకు ఇంట్లో చిల్లుకాణీ విలువ లేదని తేలింది.

కొట్టు ముందు, ఇల్లు వెనక, మధ్యలో దూది గది. దూదిలో ఎలుకలు కాపురం పెట్టకుండా ఆ రెండు పిల్లుల్ని పెంచుతున్నారు. మగదాని పేరు పెత్తందారు. రెండోది దాని చెల్లెలు నల్లమూతి. అన్న ఏం చేస్తే అదే చేస్తుంది. కాపలా పనికి జీతంగా దూది గదిని వాటికి రాసిచ్చినట్టే. అలాంటి చోటికి రాత్రికి రాత్రి కొత్త వాటాదారును తెచ్చి దింపితే ఏమవుతుందో వ్యాపారం చేసే మనిషికి ఒకరు చెప్పాలా?

కూన వానకాలువ పక్కన భర్తకు దొరికింది. అరచేతిలో ఇమిడేంత. ఆవిడ దాన్ని దిండు గలీబుల గదిలో పెట్టింది. అట్టపెట్టె, నీళ్ళ గిన్నె, ఇసుక పళ్ళెం, పెత్తందారు పొర్లిన పాత తువ్వాలు అమర్చింది. ముందు వాసనలు కలవాలి, మొహాలు తరువాత. అన్నీ సర్ది బయట గడియ వేసింది.

"పసిదాన్ని జైల్లో పెట్టావు కదమ్మాయ్," అంది అత్తగారు. "పిల్లులే కదా, అవే కలిసిపోతాయి."

"ఆగితే కలుస్తాయి అత్తయ్యా. ఈ వారం మాత్రం ఆ గడియ ముట్టుకోకండి."

"నాకు చెప్పొచ్చావు. నేను ఐదుగురు పిల్లల్ని పెంచాను."

"వాళ్ళెవరూ ఒకర్నొకరు కొరుక్కోలేదుగా."

"నీ మొగుడు కొరికేవాడు."

భర్త నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

మర్నాడు లాడ్జికి పెద్ద పరుపు అందించాలి. ఆ సాయంత్రమే గుడ్డలో దూది నింపి, మూతి కుట్టకుండా దూది గదిలో వదిలారు. అలా వదిలితే ఏకిన దూది రాత్రంతా విచ్చుకుంటుంది. పొద్దున్నే ఇద్దరూ దాన్ని కాటా మీదికి లాగారు. ముల్లు కొంచెం ఎక్కువ చూపించింది.

నింపేటప్పుడు భర్త చెయ్యి ఎప్పుడూ ధారాళమే. ఆవిడ మూతిలో చెయ్యి పెట్టి దూది తీసింది. ముల్లు సరిగ్గా నిలిచేదాకా తీసి, దబ్బనంతో మూతి కుట్టేసింది. భర్త పరుపును చుట్ట చుట్టి బండెక్కించాడు. మధ్య కుట్లు వేస్తే పరుపు మడత పడదు, లాడ్జి మెట్ల మలుపులో పట్టదు. అందుకే అక్కడ గదిలో పరిచి, దూది సమంగా సర్దుకునేలా కర్రతో బాది, ఆ తరువాతే దబ్బనం దింపుతాడు.

ఆయన వెళ్ళాక ఆవిడ పాలు తీసుకుని గలీబుల గది దగ్గరికి వెళ్ళింది. గడియ తీసి ఉంది. పెట్టె ఖాళీ.

"అత్తయ్యా, ఈ తలుపు ఎవరు తీశారు?"

అత్తగారు కుర్చీలోంచి లేవలేదు. "రాత్రి ఒకటే ఏడుపు. ఎవరికి నిద్ర పడుతుంది? పెద్దవాటి పక్కన పడుకుంటే వెచ్చగా ఉంటుంది కదా అని దూది గదిలో వదిలాను."

"పక్కన పడుకోనిచ్చాయా?"

"ఏదో కాస్త బుసకొట్టాయి. పెత్తందారు తరిమాడు. అది ఎటో దూరింది, తరువాత చప్పుడు లేదు. సద్దుకున్నాయిలే అనుకుని వచ్చేశాను."

ఆవిడ దూది గదికి పరుగెత్తింది. బేళ్ళ వెనక లేదు, దిండ్ల కింద లేదు. పరుపు పరిచిన చోట నేల మీద మాత్రం పీకిన దూది పోగులున్నాయి, చిన్న గోళ్ళు పట్టుకు పాకినట్టు. నల్లమూతి ఆ పోగుల్ని వాసన చూస్తోంది.

అప్పుడు ఆవిడకు కాటా గుర్తొచ్చింది. ఎక్కువ తూగింది దూది కాదు. కూనను లోపల ఉంచి దూదిని బయటికి తీసింది తన చేతులే.

భర్తకు ఫోన్ చేసింది. అది కొట్టులో గల్లాపెట్టె మీదే మోగింది.

లాడ్జి రెండు వీధుల అవతల. కొట్టు తెరిచి ఉన్నది ఉన్నట్టే వదిలేసి ఆవిడ పరుగు తీసింది. భయం కన్నా కోపమే ముందు పరుగెత్తింది. జాలిపడ్డవాళ్ళు తలుపు తీసి పోయి పడుకుంటారు. ఆ జాలికి అయ్యే ఖర్చు ఎప్పుడూ ఇంకొకరి పద్దులో పడుతుంది. నోరులేని ప్రాణి పద్దులో పడితే అడిగే దిక్కు కూడా లేదు.

మూడో అంతస్తు ఎక్కుతుండగానే కర్ర దెబ్బలు వినిపించాయి. గదిలోకి వెళ్ళేసరికి భర్త తలవైపు బాదడం ముగించి కాళ్ళవైపుకు జరుగుతున్నాడు.

"కర్ర కింద పడెయ్యండి."

"ఏమైంది?"

"కూన అందులో ఉంది."

ఆయన చేతిలో కర్ర దానంతటదే జారింది. ఆవిడ ఆయన పనిసంచిలోని కత్తెరతో మూతి కుట్లు తెంపి, మోకాళ్ళ మీద కూర్చుని, భుజం దాకా చెయ్యి దూర్చింది. దూది, మళ్ళీ దూది. మూల దాకా వెళ్ళాక వేలికి సూదుల్లాంటి పళ్ళు దిగాయి. అంత తీపి నొప్పి ఆవిడ ఎరగదు. వేలు వదలని కూనను అలాగే బయటికి లాగింది. ఒళ్ళంతా దూది అంటుకుని అది వరసగా తుమ్మింది.

భర్త గోడకు చేరగిలపడ్డాడు. "పోనీలే, బతికింది కదా."

"బతికింది కాబట్టి తప్పు చెల్లిపోయిందా? ఇంకో నాలుగు దెబ్బలైతే ఏమనేవారు? పోనీలే, పిల్లే కదా అనేవారు."

"నేనేం చేశాను?"

"నవ్వారు. మీ అమ్మ నా మాట తీసిపారేస్తే నవ్వారు. ఆ నవ్వు చూసే ఆవిడ గడియ తీసింది."

తలుపు దగ్గరికి లాడ్జి మేనేజరు వచ్చాడు. "పిల్లి దూరిన పరుపు మా గదిలో వెయ్యనమ్మా."

"వెయ్యమని నేనూ అనను. కొత్త గుడ్డ, కొత్త దూది, రేపు సాయంత్రానికి. ఇప్పుడు మాత్రం దారివ్వండి."

పరుపును మళ్ళీ బండెక్కించి ఇద్దరూ ఇంటికొచ్చేసరికి అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది. కోడలి ఒళ్ళో కూనను చూసి ఊపిరి పీల్చుకుని, వెంటనే మాట అందుకుంది. "చూడకుండా మూతి కుట్టింది నువ్వే కదా."

ఆ మాట సూటిగా తగిలింది.

"అవును, కుట్టింది నేనే. తూకం ఎక్కువైతే ఎందుకని చూడకుండా దూది తీసిందీ నేనే. నా వాటా నేను తీసుకున్నాను. మీ వాటా ఎవరు తీసుకుంటారు?"

ఆవిడ గలీబుల గదిలోంచి పెట్టె, తువ్వాలు, ఇసుక పళ్ళెం తెచ్చి అత్తగారి గదిలో మంచం పక్కన దించింది.

"ఈ వారమంతా ఇది ఇక్కడే పడుకుంటుంది. తలుపు లోపలినుంచి మీరే వేసుకోవాలి. పెత్తందారు బయటే ఉంటాడు."

"రాత్రంతా ఏడిస్తే?"

"మేలుకోండి. జాలి మీది, మెలకువా మీదే."

"అమ్మ పెద్దది..." అని భర్త ఏదో మొదలుపెట్టాడు. ఆవిడ అటు తిరిగింది. ఆయన మిగతా మాట మింగేసి, తెంపిన పరుపులో దూది బయటికి లాగడానికి వెళ్ళిపోయాడు.

చీకటి పడేవేళకు అత్తగారు తలుపు వేసుకుంది. వేసిన కాసేపటికే సందు తెరిచింది.

"అమ్మాయ్, ఇది పెట్టెలో ఉండనంటోంది. నా దిండెక్కి కూర్చుంది."

"మీరూ అదీ తేల్చుకోండి."

"దించితే కరుస్తోంది."

"నన్నూ కరిచింది. తలుపు వెయ్యండి అత్తయ్యా, పెత్తందారు మీ కాళ్ళ దగ్గరే ఉన్నాడు."

తలుపు పడింది. లోపల గడియ పడిన చప్పుడు వినేదాకా ఆవిడ అక్కడే నిలబడింది.