సారు క్షేమమే

లమాయ్ కార్డులను తడిగుడ్డతో తుడుస్తోంది. పౌడరు, చెమట, తలనూనె, ఎవరి జిడ్డు వాళ్లది. ఒక్కో కార్డు మీద ఒక్కో ఆడమనిషి మొహం. తుడిచిన కార్డును గది నంబరున్న గూట్లో, మొహం బయటికి కనబడేలా నిలబెడుతుంది. పొద్దెక్కే కొద్దీ ఆ మొహాల మనుషులు చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగుతారు.

గదికి వెళ్లే ప్రతి ఆడమనిషీ తన గుర్తింపు కార్డును కౌంటరులో పెట్టి పోవాలి. ఆమె దిగి వచ్చాక లమాయ్ గదికి ఫోన్ చేస్తుంది. "సార్, అంతా బాగేనా?" పైనున్న మగాడు బాగే అంటే కార్డు ఇస్తుంది. అనకపోతే ఇవ్వదు. ఫోన్ ఎత్తకపోతే పైకి వెళ్లి తలుపు కొట్టి, ఆ మహానుభావుడు ఊపిరి తీస్తున్నాడో లేదో చూసి వస్తుంది. పట్టాయాలో ఈ సందులో ఏ లాడ్జికి పోయినా ఇదే పద్ధతి. అతిథి క్షేమం కోసం, అతిథి పర్సు క్షేమం కోసం. మరి ఆడమనిషి క్షేమం తెలుసుకోవాలంటే ఏ గదికి ఫోన్ చెయ్యాలి? అలాంటి నంబరు కౌంటరులో లేదు.

ఏ లాడ్జి భద్రమని ఇంటర్నెట్‌లో వెతుక్కుని వచ్చే మగాళ్లు తిరిగి వెళ్లాక రాతలు రాస్తారు. వాటిలో ఒకదాన్ని యజమాని కొడుకు విరోత్ పటం కట్టించి కౌంటరు వెనక గోడకు తగిలించాడు. లమాయ్‌కి ఇంగ్లీషు చదవడం రాదు. "నీ గురించే పెద్దమ్మా. కౌంటరు ముసలావిడ గద్దలా కాపలా కాస్తుందట. మగాడికి భయం లేదట" అని విరోత్ చదివి చెప్పాడు. లమాయ్ ఆ రోజంతా పొంగిపోయింది. ఆమె గురించి ఎవరైనా ఒక ముక్క రాయడం అదే మొదలు.

వానలు మొహం చాటేసిన ఏడాది, పంతొమ్మిదేళ్ల పిల్లగా థాయిలాండ్ ఈశాన్యపు పల్లెల నుంచి వచ్చింది. మొదట ఎంగిలి ప్లేట్లు, తర్వాత దుప్పట్లు. బ్లీచింగు నీళ్లు తిన్న గోళ్లు ఇప్పటికీ పసుపు పచ్చగానే ఉంటాయి. మోకాళ్లు బిగుసుకున్నాక కౌంటరులో కూచోబెట్టారు. మొగుడు చేపల పడవ మీద పోయేవాడు. ఒకసారి పోయినవాణ్ణి సముద్రం తిరిగివ్వలేదు. దానికి కౌంటరు లేదుగా, ఎవర్ని అడగాలి? మెట్ల కింద మంచం పట్టేంత గది ఆమెది. తిండి కౌంటరు సొరుగులో పెట్టుకుని తింటుంది. అతిథి వస్తే సొరుగు మూసి నవ్వుతుంది. ముద్ద నోట్లో ఉన్నా సరే నవ్వుతుంది.

ఆ పొద్దున కేసోన్ గోడ పట్టుకుని దిగింది.

కేసోన్ ముప్పై దాటిన మనిషి. ఆమెదీ ఈశాన్యమే, సురిన్ వైపు పల్లె. ఏటా వరికోతల వేళకు ఊరెళ్లి, కోతలయ్యాక మళ్లీ వస్తుంది. నోరు పెద్దది. ఆమె దిగుతుంటే పై అంతస్తులోనే నవ్వు వినబడేది. ఇవాళ వినబడలేదు.

"పెద్దమ్మా, నా మొహం నాకిచ్చెయ్."

"ఉండవే. మొగుడుగారిని కనుక్కోవద్దూ?"

"కనుక్కో, కనుక్కో. రాజావారికి దోమ కుట్టిందేమో."

లమాయ్ ఫోన్ చేసింది. ఆ గదిలో దిగినవాడు ఇండియా నుంచి గుంపుగా వచ్చిన సిమెంటు డీలర్లలో ఒకడు. ఎక్కువ బస్తాలు అమ్మినందుకు కంపెనీ వాళ్లకిచ్చిన బహుమానం ఈ యాత్ర. అందరికీ ఒకే రంగు టోపీలు. వాళ్ల గదుల్లోంచి ఎర్రనూనె తేలే పచ్చడి వాసన వరండా అంతా కొడుతుంది. ఒకరినొకరు "బావా, బావా" అని కేకలేసుకుంటారు. ఇంతమందికీ ఒకే పేరేమిటా అని లమాయ్ మొదటిరోజు నవ్వుకుంది.

"సార్, అంతా బాగేనా?"

"ఓకే, ఓకే" అన్నాడు వాడు, పళ్లు తోముకుంటూ.

సారు క్షేమమే. లమాయ్ కార్డు ఇచ్చేసింది. ఇచ్చాక చూసింది కేసోన్ మొహంలోకి. అదీ వరస. పెదాలు సున్నం కొట్టినట్టున్నాయి. ఒక చెయ్యి ఎడమ డొక్కలో నొక్కి పెట్టుకుంది.

"ఏమయిందే?"

"నెట్టాడు. వద్దన్న దానికి ఒప్పుకోలేదని. పోయి వాష్‌బేసిన్ అంచుకు కొట్టుకున్నా." కేసోన్ నవ్వబోయింది. "తగిలింది డొక్కలో, నొప్పి భుజంలో. నా ఒంటికి కూడా దారి తెలీదు పెద్దమ్మా."

"ఆస్పత్రికి పో."

"సాయంత్రం బస్సుంది. చేను పండి వంగిపోయిందట, అమ్మ రోజూ ఫోను. బస్సులో పడుకుంటే అదే తగ్గుద్ది."

"పోలీసులకన్నా..."

"ఆ గదిలో నీకేం పనని ముందు నన్నే అడుగుతారు. నువ్వు వెళ్లి చెప్తావా సమాధానం?" కేసోన్ చేతిలోని ప్లాస్టిక్ కవరు సర్దుకుంది. "బయట నీడలో కాసేపు కూచుని పోతా. నీ కుర్చీ అరిగిపోదులే."

అద్దాల తలుపు అవతల, గోడవారన ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో కేసోన్ కూలబడింది.

డీలర్ల విమానం ఆ రోజే. పెట్టెలు దొర్లించుకుంటూ గుంపుగా దిగారు. అతిథి గది ఖాళీ చేస్తే లాడ్జి పద్ధతి ఇంకొకటుంది. పనిమనిషి పైకి వెళ్లి తువ్వాళ్లు, గ్లాసులు, దుప్పట్ల మీది మరకలు చూసి కిందికి చెప్పాలి. అప్పుడే అతిథిని వదులుతారు. ఆమె పైనుంచి అరిచింది.

"పెద్దమ్మా, ఈ గదిలో వాష్‌బేసిన్ గోడనుంచి ఊడొచ్చింది! అంచు పగిలింది!"

పింగాణీ బేసిన్ పగిలింది. పింగాణీయే పగిలితే లోపలి మాంసం ఏం కావాలి? విరోత్‌కి ఫోన్ చేసింది.

"పగిలితే డబ్బు కట్టించుకో, ఇందులో అడిగేదేముంది?"

"బాబూ, అందులో కొట్టుకుంది ఒక మనిషి. ఇతనే నెట్టాడట. ఆ పిల్ల బయటే కూచుంది. ఇతన్ని కాసేపు ఆపుదామా?"

"ఆ అమ్మాయి మన సామానా పెద్దమ్మా? బేసిన్ మనది. దాని సంగతి చూడు."

లమాయ్ ధర చెప్పింది. ఆ గదిలో దిగినవాడు బేరమాడాడు. నల్లగా ఒత్తుగా మీసం, వేలికి ఎర్రరాయి ఉంగరం, మణికట్టుకు దేవుడి దారాలు. పాత బేసిన్ అన్నాడు, ముందే వదులుగా ఉందన్నాడు. పక్కవాళ్లు "కట్టెయ్ బావా, బస్సొచ్చింది" అని తొందర పెడితే విసుక్కుంటూ కట్టాడు. రసీదు కూడా అడిగి తీసుకున్నాడు.

లమాయ్ ఆ రసీదు రాసిచ్చింది. 'ఆ పిల్లకేం కడతావురా?' అన్న మాట గొంతు దాకా వచ్చింది. నలభయ్యేళ్లుగా మింగినట్టే మింగింది. రెండు చేతులూ జోడించి, నవ్వి, మళ్లీ రండి సార్ అంది. ఆ నవ్వును తర్వాత ఆమె తన మొహం మీదినుంచి గోళ్లతో గీకి పారేయాలనుకుంటుంది. కానీ అప్పుడు నవ్వింది.

వాళ్లు కుర్చీ ముందునుంచే నడిచి బస్సెక్కారు. కేసోన్ తల గోడకు ఆనించి ఉంది. వాడు చూడలేదు. వెనక నడుస్తున్నవాడు చూసి, ఏదో అని నవ్వాడు. బస్సు సందు తిరిగింది.

గ్లాసుతో నీళ్లు తీసుకుని లమాయ్ బయటికి వెళ్లింది. "లేవవే, ఎండ నీ మీదికొచ్చింది" అంది. ఎండ మొహం మీదే పడుతోంది, కనురెప్ప కదలడం లేదు. లమాయ్ చేత్తో చెంప తాకింది. గ్లాసు నేల మీద పెట్టి, ఆమె జుట్టు సర్ది, గౌను మోకాళ్ల మీదికి లాగింది. అరవలేదు. ఈ సందులో అరిస్తే ఎవరొస్తారు?

విరోత్ ఫోన్‌లో అడిగిన మొదటి మాట: "మన గేటు లోపలా, బయటా?"

పోలీసు కౌంటరు దగ్గర నిలబడి రాసుకున్నాడు.

"గదికి ఫోన్ చేశావా?"

"చేశా. బాగే అన్నాడు. ఆ పిల్లే నాతో చెప్పింది బాబూ, వాడు నెట్టాడని. బస్సింకా దారిలోనే ఉంది. విమానాశ్రయానికి ఒక్క ఫోన్ చెయ్యి, దొరుకుతాడు."

"బిల్లు కట్టాడు, బేసిన్ డబ్బూ కట్టాడు. తప్పు చేసి పారిపోయేవాడు రసీదు తీసుకుంటాడా పెద్దమ్మా? బాత్రూములో జారిపడిందని రాస్తున్నా."

"బేసిన్ పగిలిందని అడిగా, కట్టాడు. మనిషి పగిలిందని నేను అడగలేదు. అది రాయి! ఈ ముసలిది అడగలేదని రాయి!"

అతను కలం మూత పెట్టేశాడు.

కౌంటరు ఫోన్ మోగింది. ఎవడో, ఎక్కణ్ణుంచో. గది కావాలట. ఆడవాళ్ల కార్డులు తీసి పెట్టుకుంటారా, మీ లాడ్జి భద్రమేనా అని ఇంగ్లీషులో అడుగుతున్నాడు. ఆ ప్రశ్న లమాయ్‌కి కంఠస్థం. దానికి చెప్పవలసిన జవాబూ కంఠస్థమే. ఆమె తన భాషలోనే చెప్పింది.

"నీకు భద్రమేరా. నీకెప్పుడూ భద్రమే. చచ్చేది మేమేగా."

ఫోన్ పెట్టేసి, గూళ్లలో మిగిలిన కార్డులన్నీ తీసి కౌంటరు మీద పరిచింది. ఎవరి మొహం వాళ్లు తీసుకుపోవచ్చు, ఎవణ్ణీ అడగక్కర్లేదు. శవాలను తరలించే స్వచ్ఛంద దళం కుర్రాళ్లు కేసోన్‌ను తెల్లగుడ్డలో చుట్టి వ్యాను ఎక్కిస్తున్నారు. లమాయ్ మోకాలు పట్టుకుని వాళ్ల వెనకే వ్యాను ఎక్కింది.

"నువ్వెవరు పెద్దమ్మా? చుట్టానివా?"

"తోడు వెళ్తున్నా. సురిన్ దాకా."

"మరి కౌంటరో?"

ఆమె తలుపు లాగేసుకుంది.

విరోత్ వచ్చేసరికి కౌంటరు వెనక ఎవరూ లేరు. బయట కుర్చీ కింద ఒక ప్లాస్టిక్ కవరు ఉండిపోయింది. అందులో వరికోతలకు పెట్టుకునే, ఎండకు మెడ మీదికి గుడ్డ వేలాడే పూలపూల టోపీ, కొత్తది, ధర చీటీ ఇంకా తెంపలేదు.