కడుపొచ్చిన గోడ

కవితకు అర్థం చెప్పడంలో ఆ టీచరమ్మను మించినవాళ్ళు లేరని బడంతా అనుకునేది. ఆవిడా అదే అనుకునేది, చిక్కంతా అక్కడే వచ్చింది. కవితలో చినుకు పడితే కన్నీరంటుంది, దీపం ఆరితే ఆశ అంటుంది. చినుకును చినుకుగా వదిలేస్తే మహాతల్లికి నిద్రపట్టదు.

ఆ రోజు ఎనిమిదో తరగతి పిల్లలు సొంతంగా రాసుకొచ్చిన కవితలు చదువుతున్నారు. రెండో బెంచీ పిల్ల లేచింది. టీచరమ్మ తన రెండేళ్ళ కొడుకును పగలంతా ఈ పిల్ల అమ్మమ్మ దగ్గరే వదిలేది. బడి వెనక సందులో పాత మేడ, అందులో కింది గది వాళ్ళది. పిల్ల తలెత్తకుండా చదివింది.

మా గోడకు కడుపొచ్చింది
రాత్రంతా పళ్ళు కొరుకుతుంది
తలుపును గట్టిగా పట్టుకుని
ఎవరినీ పోనివ్వనంటుంది

టీచరమ్మ మురిసిపోయింది. ప్రాణం లేని గోడను మనిషిలా చూపడం ఎంత గొప్పో వివరించింది. ఇంట్లో ఇంకో బిడ్డ పుడితే తననెవరూ పట్టించుకోరేమోనన్న బెంగే ఇందులో ఇతివృత్తమని తేల్చేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. పిల్ల మాత్రం కూర్చోలేదు.

“మా ఇంట్లో ఎవరూ పుట్టట్లేదు మేడం. గోడే ఉబ్బింది. పొద్దున తలుపు బిగుసుకుపోతే నాన్న భుజంతో తోసి తీశాడు.”

టీచరమ్మ కొడుకు ఇప్పుడున్నది ఆ గదిలోనే. ముందే చెప్పొద్దా అని అడిగింది.

“మొన్నే చెప్పాను మేడం. భలే ఉందే, కవితగా రాసుకురా అన్నారు.”

చెప్పులు ఎక్కడ వదిలిందో ఆవిడకే తెలియదు. పిల్ల వెనకే వస్తుండగా సందులోకి పరుగెత్తింది. తలుపు కదల్లేదు. లోపల కొడుకు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు ఆగిన ప్రతిసారీ ఆవిడ పైప్రాణాలు పైనే పోతున్నాయి. తలుపు బాదుతూనే ఉంది, దేవుడా, వాడి ఏడుపు ఆగనివ్వకు అని మొక్కుకుంటూనే ఉంది. చివరికి ఎదురింటి వెల్డరు గునపంతో తలుపు పెకలించాడు. ముందు కొడుకు, వెనక అమ్మమ్మ బయటపడ్డారు.

టీచరమ్మ కొడుకును గుండెకు అదుముకుంది. ఒళ్ళంతా తడిమి చూసింది. అప్పుడు వినిపించింది, లోపల్నుంచి, పటపటమని పళ్ళు కొరికినట్టే. గుమ్మంలోంచి సున్నం పొడి తెరలా రాలింది. ఎవరో దూరం జరగండని అరిచారు. అందరూ వెనక్కి పరుగెత్తారు.

పిల్ల వచ్చి ఆవిడ చెంగు పట్టుకుంది.

“మేడం, పైన దర్జీ తాత ఉన్నాడు. ఆయనకు చెవులు వినపడవు.”

ఈసారి టీచరమ్మ ఆ మాటకు అర్థం వెతకలేదు. కొడుకును అమ్మమ్మ చేతుల్లో పెట్టి, మెట్ల వైపు పరుగెత్తింది.