మురికినీళ్ల పాఠం

దొంగ కూడా చీకటి పడేదాకా ఆగుతాడు. బడుల బోర్డు మనుషులకి ఆ సిగ్గు కూడా లేదు. పట్టపగలు, పాఠం నడుస్తుండగా, పిల్లల చేతుల్లోంచి పుస్తకాలు లాక్కుని అట్టపెట్టెల్లో కుక్కారు. మెక్సికన్ అమెరికన్ల చరిత్ర చెప్పే ఆ క్లాసు ఇకమీదట నేరమట. పెట్టెల్ని బడి వంటగది పక్కన సామాన్ల గదిలోకి దొర్లించి, చిక్కుడుగింజల డబ్బాల వెనక పడేసి పోయారు.

ఒఫేలియా కిహాదా చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ బడిలో మధ్యాహ్న భోజనం వండి వడ్డించేది ఆమే. ఆ క్లాసులోనే ఆమె కూతురు ఇట్సెల్ చదువుతోంది. బడి మానేస్తానని పోయినేడంతా పోరుపెట్టిన పిల్ల, ఈ క్లాసులో చేరాకే పుస్తకం ముట్టింది. ఇప్పుడు పెట్టెల వెనకే నడిచొచ్చి గుమ్మంలో నిలబడింది.

"చూశావుగా అమ్మా. సోమవారం నించి నేను రాను. లెట్యూస్ కోతకి పోతా."

"నోర్ముయ్. పొలంలో ఏముందే? మీ నాన్న నడుం అక్కడే పోయింది."

"మరి బళ్లో ఏముంది?"

ఒఫేలియా గరిటె మళ్లీ గిన్నెలో పెట్టి కలపసాగింది.

క్లాసు ఉంచాలా తీసెయ్యాలా అని బడుల బోర్డు బహిరంగ సభ పెట్టింది. కాళ్లు విరగ్గొట్టి, నడుస్తావా మానతావా అని అడిగినట్టు! బోర్డు అధ్యక్షుడు క్లైడ్ ఆస్ట్రాండర్. ఆరిజోనా ఎండలో కనుచూపు మేర ఉన్న లెట్యూస్ ఆకుకూర పొలాలు ఆయనవే. తన పొలంలో నడుం వంచినవాళ్ల పిల్లలు బళ్లో తలెత్తడం ఆయనకి కిట్టలేదు. ఆ మాట పైకి అనడుగా! "జాతిద్వేషం" అన్నాడు. సభ రోజుకి బోర్డువారికి మొక్కజొన్న పిండిలో మాంసం పెట్టి ఉడికించే టమాలెలు ఒఫేలియా వండి తేవాలని కబురు కూడా పెట్టాడు. మీ సంస్కృతి అంటే మాకెంత ప్రేమో లోకానికి చూపించాలి కదా. వీళ్ల కూడు కావాలి, వీళ్ల కథ మాత్రం పనికిరాదు.

ఒఫేలియా సరేనంది. ఉద్యోగం మరి.

టమాలెలు ఒక్క చేత్తో అయ్యే పని కాదు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు, లెట్యూస్ ప్యాకింగ్ షెడ్డు మనుషులు, ఇట్సెల్ క్లాసు పిల్లలు ఆమె వంటింట్లో చేరారు. మొక్కజొన్న పొత్తుల ఆకులకి పిండి రాస్తూ, మాంసం పెట్టి చుడుతూ, కేకలేసుకున్నారు.

"దొర టమాలెల్లో కారం దట్టించకే ఒఫేలియా! కళ్లనీళ్లు పెట్టుకుంటే మన మీద జాలి అనుకుంటారు జనం" అన్నాడు షెడ్డులో పెట్టెలు మోసే చెంచో.

అందరూ నవ్వారు, ఇట్సెల్ తప్ప. "సభలో ఎవరైనా మాట్లాడొచ్చంట. మనిషికి రెండే నిమిషాలు. తర్వాత మైకు కట్టేస్తారు."

"రెండు నిమిషాల్లో ఏం చెప్తాం? కాళ్లు పట్టుకోడానికే చాలదు" అన్నాడు చెంచో.

"కాళ్లెందుకు పట్టుకోవాలి బాబాయ్? వాళ్లు ఆపేసిన పాఠమే చెబుదాం. ఒకరి నోరు ఎక్కడ కట్టేస్తే అక్కడ ఇంకొకరు అందుకోవాలి."

ఒఫేలియా తలెత్తలేదు. ఆకులు చుడుతూనే ఉంది. కానీ ఒక్క మాట కూడా వదలకుండా విన్నది.

సభ హాలు కిక్కిరిసింది. బోర్డువారు వేదిక మీద కూర్చుని, జనం చూస్తుండగానే టమాలెలు లాగించారు. ఆస్ట్రాండర్ మూతి తుడుచుకుని లేచాడు. "నా పొలంలో వీళ్లంతా నా సొంత మనుషుల్లాంటి వాళ్లు. కానీ ఆ పుస్తకాలు విషం."

"చదివావా?" ఎవరో అరిచారు.

"విషమని తెలియడానికి తాగి చూడాలా?" ముందు వరసల్లో అతని మనుషులు విరగబడి నవ్వారు.

"తాగక్కర్లేదు దొరా, సీసా మీద పేరైనా చదవాలిగా!" అన్నాడు చెంచో. ఈసారి వెనక వరసలన్నీ నవ్వాయి.

ఇట్సెల్ మైకు ముందుకొచ్చింది. "ఈ ఊళ్లో ఒక ఈతకొలను ఉండేది. దాన్ని తవ్వింది మన తాతలు. కానీ అందులో ఈదడానికి..." రెండు నిమిషాలైపోయాయని మైకు ఆపేశారు.

చెంచో అందుకున్నాడు. "వారమంతా తెల్లవాళ్లే. ఆదివారం సాయంత్రం, ఇక నీళ్లు తోడిపోస్తారనగా, మన పిల్లల్ని దిగనిచ్చేవాళ్లు..."

"అబద్ధం!" ఆస్ట్రాండర్ బల్ల గుద్దాడు. "ఈ ఊళ్లో అలాంటిది ఎన్నడూ జరగలేదు."

అప్పుడు లేచింది ఒఫేలియా అత్త, ముసలి రెఫూహియో. "జరగలేదా? ఆ నీళ్లు మింగిన నోరురా ఇది, నాయనా! మీ మురికి మీకంటే నాకే బాగా తెలుసు. ఆ కట్టడి పెట్టిందెవరో చెప్పనా..."

మైకు కట్టేశారు. ఆమె ఆగలేదు. ఇద్దరు పోలీసులొచ్చి ఆ ముసలిదాన్ని చెరో రెక్కా పట్టుకుని బయటికి నడిపించారు. అంత మొనగాళ్లు వాళ్లు!

మైకు దగ్గర వరసలో తర్వాత నిలబడ్డ విద్యార్థిని ఒక అడుగు వెనక్కి వేసింది. ఇట్సెల్ మొహంలో మళ్లీ ఆ పాత విసుగు కనిపించింది, ఎలాగూ ఇంతేలే అన్నట్టు. ఆ మొహం చూసింది ఒఫేలియా. ఖాళీ పళ్లేలు కింద పెట్టి, ఏప్రానుకి చేతులు తుడుచుకుని ముందుకొచ్చింది.

"ఒఫేలియా, నువ్వు మా ఉద్యోగివి" అన్నాడు ఆస్ట్రాండర్. "వెళ్లి కూర్చో. మాట్లాడావంటే రేపట్నించి వంటగదికి రానక్కర్లేదు. ఆ మైకు కట్టెయ్యండి!"

"కట్టుకో. నాకు మైకెందుకు?" అంది ఒఫేలియా. బడి నిండా పిల్లలు ఒక్కసారి కంచాలు మోగిస్తుంటే, ఆ గోల మీద అరిచి అరిచి రాటుదేలిన గొంతు ఆమెది. ఆ గొంతు హాలు చివరి గోడకి కొట్టింది. "ఆ కట్టడి పెట్టింది మీ నాన్న! అందుకే నీకా పుస్తకం విషం! ఇన్నాళ్లూ నీ ముందు తల దించుకున్నందుకు నాకే సిగ్గేస్తోంది."

పోలీసులు ఆమె చేతులకి బేడీలు వేశారు. గుమ్మం దగ్గర ఆమె వెనక్కి తిరిగి, ఇంట్లో కసిరినట్టే కసిరింది.

"ఏమే! సోమవారం బడికి పోతావా, పోవా?"

"పోతానే అమ్మా!" ఇట్సెల్ అరిచింది. "ఒక్కదాన్నే కాదు, అందర్నీ తీసుకుపోతా!"

వెనక కూర్చున్నవాళ్లంతా లేచి మైకు వరసలో చేరారు. ఆ వరస హాలు దాటి, మెట్లు దిగి, వీధిలోకి సాగింది. ఇందాక వెనక్కి తగ్గిన ఆ విద్యార్థిని ఒక అడుగు ముందుకేసి, ఒఫేలియా ఆపిన చోటునించి పాఠం అందుకుంది. ఇట్సెల్ వెళ్లి వరస చివర మళ్లీ నిలబడింది.