జర ఆగు పొద్దా

పొద్దున ఆరింటికి దేవరకొండ బస్టాండు దగ్గర బిక్షమ్మ ఉడికిన పల్లికాయ గంప దించేది. దించీ దించగానే మాటలు మొదలుపెట్టేది. అవి కొనేవాళ్ల కోసం కాదు, పక్కన గోనెసంచి మీద కూర్చున్న మొగుడు ఎల్లస్వామి కోసం. షుగరు ముదిరి ఆయన చూపు పోయి పదిహేనేళ్లయింది.

"నల్గొండ బస్సొచ్చింది. డ్రైవరు కొత్తోడు, గడ్డం పెంచిండు. కాలు ముందటికి చాపకు, చాయ్ గిలాస ఉన్నది."

"గడ్డం తెల్లదా, నల్లదా?"

"నల్లదే. నీకెందుకు, సంబంధం చూస్తవా?"

రోజంతా ఇదే వరస. ఆమె చెబుతుంటే ఆయన మెట్లు దిగేవాడు, రోడ్డు దాటేవాడు, ఎవరింటి గోడకు కొత్త సున్నం వేశారో తెలుసుకునేవాడు.

అప్పుడప్పుడు ఆ మాట మధ్యలో తెగిపోయేది. పెదవులు కదిలేవి, శబ్దం వచ్చేది కాదు. "యాడనో సినిమా ఏసిండ్రు" అనుకుంటూ పక్కన పూలమ్మే ఎస్తేరు తన బుట్ట ఇటు జరుపుకుని, మిగిలింది ఎల్లస్వామికి తను చెప్పేది. సినిమా రెండు గంటల నలభై నిమిషాలు. అంతసేపూ కొనేవాళ్లు వేళ్లతో బేరమాడి పోయేవాళ్లు. టీవీలో ఏడాదికి రెండుసార్లో మూడుసార్లో వచ్చే సినిమా కాబట్టి ఎవరికీ పెద్ద ఇబ్బంది ఉండేది కాదు.

ఆ సినిమా పేరు 'కోట కిన్నెర'. డెబ్బై నాలుగులో దేవరకొండ కోట మీద తీశారు. పదకొండు పాటలు. ఆ కాలంలో సినిమాకు పోయే ముందు కథేమిటని అడిగేవాళ్లు తక్కువ, పాటలెన్నని అడిగేవాళ్లే ఎక్కువ. కొత్తకోట టెంటు హాలుకు ఒక పంతులుగారు రోజూ వచ్చి, ఏడో పాట కాగానే లేచి పోయేవాడట. మిగతా సినిమా ఆయన ఎన్నడూ చూడలేదు. ఇంతకీ ఆ ఏడో పాటే మనకు కావలసింది.

దాని టేపు మద్రాసు నుంచి రావాల్సిన రోజుకు రాలేదు. హీరోయిన్ పెదవులు కదపాలంటే ఏదో ఒక గొంతు ఉండాలి. పెద్ద గాయని గొంతు తర్వాత అతికించుకోవచ్చని, కోట మీదికి నీళ్లు మోస్తున్న పందొమ్మిదేళ్ల బిక్షమ్మ చేత పాడించారు. కాగితం మీద "కొంచెం ఆగు పొద్దా" అని ఉంది. బిక్షమ్మకు చదువు రాదు. చెప్పింది విని, తన నోటికి అలవాటైనట్టు "జర ఆగు పొద్దా" అని పాడింది. హీరోయిన్ కూడా అలాగే పెదవులు కదిపింది. మద్రాసులో పెద్ద గాయని "జర" అనే మాట తన నోట పలకనంది. "కొంచెం" అంటే చివర పెదవులు మూసుకోవాలి. తెర మీద హీరోయిన్ పెదవులు తెరుచుకునే ఉన్నాయి. మళ్లీ తీద్దామంటే ఆమె డేట్లు లేవు. చివరికి బిక్షమ్మ గొంతే ఉంచేసి, పేరు మాత్రం పెద్ద గాయనిది వేశారు.

ఎల్లస్వామి ఆ షూటింగులో రిఫ్లెక్టరు పట్టేవాడు. వెండి కాగితం అంటించిన అట్టతో ఎండను హీరోయిన్ ముఖం మీదికి తిప్పడం ఆయన పని. ఆ రోజు పాట నడిచినంతసేపూ ఎండ పక్కనున్న బిక్షమ్మ ముఖం మీదే పడింది. "ఒరేయ్, హీరోయిన్ అటు లేదురా!" అని కెమెరా ఆయన మొత్తుకున్నాడు. పెళ్లి అట్లా కుదిరింది.

రెండువేల ఇరవై రెండులో హరిత అనే అమ్మాయి హైదరాబాదు నుంచి వీళ్లను వెతుక్కుంటూ వచ్చింది. పాత సినిమాలను శుభ్రం చేసే పని ఆమెది. వేషాలు వేసినవాళ్లందరూ పోయారు. కెమెరా ఆయనా పోయాడు. ఇంకెక్కడో ఒక మేకప్ ఆయన ఉన్నాడు గానీ కన్న కొడుకునే గుర్తుపట్టడు. మిగిలింది ఈ ఇద్దరే.

"సినిమా ఫోన్ల పెడ్తున్నం అవ్వా. ఎవరైనా, ఎప్పుడైనా చూడొచ్చు."

ఎస్తేరు పూలు కట్టడం ఆపింది. "ఎప్పుడంటె అప్పుడేనా?"

"ఎప్పుడంటె అప్పుడే."

"వద్దు బిడ్డా" అన్నాడు ఎల్లస్వామి.

బిక్షమ్మ గంపలోని పల్లికాయలను అటూ ఇటూ తిప్పింది. "నా పేరు ఏస్తరా?"

"పాడింది బిక్షమ్మ అని, పెద్ద అక్షరాలతోటి."

"యాభై ఏండ్ల సంది ఇంకొకామె పేరు మీద పాడుతున్ననయ్యా" అంది మొగుడితో. "ఒక్కసారి నా పేరు మీద పాడనియ్యి."

"నాకు తొవ్వ ఎవలు చెప్తరే?"

బిక్షమ్మ హరిత తెచ్చిన కాగితం మీద వేలిముద్ర వేసింది.

సినిమా ఫోన్లలోకి వచ్చిన శుక్రవారం, "పల్లికాయ" అనబోయి "పల్లి" దగ్గర ఆగిపోయింది. ఇక గొంతు రాలేదు. ఇక్కడ పడుకునే వేళకు ఇంకో దేశంలో తెల్లవారుతుంది. ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు. ఎస్తేరు తన ఫోనులో పేరు చూపిస్తే, ఆ అక్షరాల మీద వేలు పెట్టి నిమిరింది. అంతే.

ఎల్లస్వామి బస్టాండు మెట్ల మీద రెండుసార్లు పడ్డాడు. రెండోసారి మణికట్టు విరిగింది. అప్పటి నుంచి ఆమె భుజం తట్టి నడిపించేది. ఒకసారి తడితే ఆగాలి, రెండుసార్లు తడితే నడవాలి. కానీ డ్రైవరు గడ్డం సంగతి తట్టి చెప్పడం ఎట్లా? హరిత జాలిపడి ఆయనకొక ఫోను ఇచ్చింది. ఒకచోట నొక్కితే ఏడో పాట వస్తుంది, అయిపోతే అదే మళ్లీ మొదలవుతుంది. ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని కూర్చునేవాడు. పెట్టుకునే నిద్రపోయేవాడు.

ఏడాదిన్నర గడిచాక హరిత ఎస్తేరుకు ఫోను చేసింది. "మొదట్ల లక్షల మంది చూసిండ్రు ఆంటీ. ఇప్పుడు ఎవ్వరు చూస్తలేరు. ఒక్క ఫోన్ల మాత్రం రాత్రింబగళ్లు నడుస్తుంది. అది దేవరకొండలనే ఉన్నది."

ఎస్తేరు పూలబుట్ట వదిలేసి వాళ్లింటికి పోయింది. "ఓ ఎల్లస్వామన్నా! మా అక్క నోరు కట్టేసింది నువ్వేనటనే!"

"నేనా?" అన్నాడాయన బిత్తరపోయి. "నేను మొగుణ్ని గద. బయటోళ్లు ఇంటెనే అనుకున్న. ఇంట్లోళ్లు ఇన్నా గూడ పోతదా?"

ఫోను మీద వేలితో వెతికి పాట ఆపాడు.

బిక్షమ్మ గొంతు సవరించుకుంది. "అంగి గుండీలు తప్పు పెట్టుకున్నవు" అంది. ఎన్నాళ్లుగానో చెప్పాలనుకుంటున్న మాట అది. గొంతు బొంగురుపోయి, మధ్యమధ్య గాలి దూరుతూ వచ్చింది.

"ఎవలు?" అన్నాడు ఎల్లస్వామి తల ఎత్తి. వెంటనే సర్దుకుని "నువ్వేనానే" అని నవ్వాడు.

ఆమెకు రెండు మాటలూ వినబడ్డాయి.

దాచుకున్నదంతా నాలుగు రోజుల పాటు చెప్పింది. ఎవరు చచ్చిందీ, ఎవరికి పుట్టిందీ, ఇంటి రేకు ఎక్కడ కారుతున్నదీ. ఆయన అన్నిటికీ ఊ కొట్టాడు. కానీ ఆమె "ఆగు" అంటే రెండడుగులు వేసి ఆగుతున్నాడు. అన్నం సగంలో వదిలేస్తున్నాడు. కుడిచేయి ఖాళీ జేబును తడుముతూనే ఉంది.

ఐదో రోజు మధ్యాహ్నం, "బిక్షీ, గా పాట జర పాడరాదే" అని అడిగాడు.

పాడింది. "పొద్దా" దగ్గర గొంతు పగిలిపోయింది.

"మంచిగున్నది" అన్నాడు, అన్నం పళ్లెం పక్కకు జరుపుతూ.

బిక్షమ్మ లేచి గూట్లోంచి ఫోను తెచ్చి ఆయన ఒడిలో పెట్టింది. "తిను. నీళ్లు ఎడమ చేతి దిక్కున్నయి" అంది. ఇంకేమైనా చెప్పాల్సింది మిగిలిందా అని కాసేపు ఆలోచించింది. ఏమీ తోచలేదు. తనే నొక్కింది.

పందొమ్మిదేళ్ల గొంతు ఆ చిన్న గదంతా పరుచుకుంది. ఎల్లస్వామి పళ్లెం దగ్గరికి లాక్కుని కలుపుకోవడం మొదలుపెట్టాడు. ఎదురుగా కూర్చుని బిక్షమ్మ ఆ పాటకు, ఒక్క అక్షరం తప్పకుండా, పెదవులు కదిపింది.

పాట అయిపోయి మళ్లీ మొదలయ్యేసరికి, ఆయన ఇంకొంచెం అన్నం పెట్టమన్నాడు.