నలభై ఒకటో పేజీ

"'అలికిడి' మాటకు వాక్యం దొరికిందా, గీతా?" స్నానాల గదిలోంచే అడిగాడు విష్ణువర్ధన్. గీతాంజలి దొండకాయలు తరుగుతోంది. ఒక కన్ను కుక్కర్ మీద, ఇంకో కన్ను పప్పు డబ్బాకు ఆనించి పెట్టిన ఫోన్ మీద ఉన్నాయి. ఫోన్‌లో పాత అచ్చు పుస్తకం పేజీ తెరిచి ఉంది. "ఇంకా లేదండి" అంది. "జర తొందరగ సూడు. ఆదివారం మిర్యాలగూడ సన్మానం లోపల 'అ' అక్షరం ఖతం కావాలె."

విష్ణువర్ధన్ సూర్యాపేటలో తెలుగు లెక్చరర్. ఇంటర్నెట్‌లో పదిమందీ కలిసి కూర్చుకుంటున్న నిఘంటువు ఒకటి ఉంది. అందులో ప్రతి మాటకూ అర్థం ఇస్తే సరిపోదు. ఆ మాట వాడిన వాక్యాన్ని తొలినాళ్ళ అచ్చు పుస్తకం నుంచి తీసి, రచయిత, సంవత్సరం, పేజీతో సహా చూపించాలి. అలాంటి వాక్యాలు నాలుగు వేల దాకా విష్ణువర్ధన్ పేరున ఉన్నాయి. అందుకే ఈ సన్మానం. వాటిని వెతికిందీ టైపు చేసిందీ గీతాంజలి. పెళ్ళయిన కొత్తలో "నీకు టైపింగ్ వస్తది గద, జర సాయం చెయ్యి" అన్నాడు. తొమ్మిదేళ్ళయింది. తనూ ఎం.ఏ. తెలుగు చదివిందన్న సంగతి ఆ ఇంట్లో చివరిసారి ఎవరి నోట విన్నదో ఆమెకు గుర్తు లేదు. చుట్టాలు వస్తే అత్తగారు అన్నపూర్ణమ్మ "మా కోడలు ఇంట్ల ఉన్నట్టే తెల్వది" అని మెచ్చుకునేది. "రోజంత ఫోన్‌లనే ఉంటది" అని భర్త నవ్వేవాడు. తనకూ నవ్వు రావాలేమోనని ఆమె కూడా నవ్వేది.

కోదాడలో ఈశ్వరయ్య అనే రిటైర్డ్ మాస్టారి దగ్గర, ఆడవాళ్ళకు నడవడి నేర్పే 1887 నాటి పుస్తకం ఉందని తెలిసింది. "నాకు మీటింగ్ ఉంది, నువ్వు పొయ్యి ఫోటోలు తీస్కరా" అని విష్ణువర్ధన్ ఆమెను బస్సెక్కించాడు. మాస్టారి ముందుగదిలో ఎండ తెల్లగా పరుచుకుని ఉంది. పుస్తకం అట్ట మీద రచయితగా ఒక మగవాడి పేరుంది. పేజీలు ముట్టుకుంటే పొట్టు రాలుతోంది. నలభై ఒకటో పేజీలో దొరికింది వాక్యం: "ఉత్తమురాలగు ఇల్లాలి అలికిడి మగని చెవిని బడరాదు." ఫోటో తీయబోయి ఆగింది. అంచున, గోధుమరంగు సిరాతో, గుండ్రని చిన్న అక్షరాలు: "ఈ పుస్తకము నేను వ్రాసితిని. ఈ వాక్యమొక్కటి వారు చేర్చిరి."

"సార్, ఈ రాత ఎవరిది?"

ఈశ్వరయ్య కళ్ళజోడు సవరించుకుని పేజీని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. "ఏ రాతమ్మా? ఇక్కడేం లేదే. నలభై ఏళ్ళుగా నా దగ్గరే ఉంది, ఎవర్నీ ఒక్క గీత కూడా గీయనివ్వలేదు."

ఆమె ఆ అక్షరాల మీద వేలు పెట్టింది. తీసి చూస్తే వేలికొనకు తడి. గోధుమరంగు. మెడ వెనక ఎవరో ఊపిరి వదిలినట్టయింది. తిరుగు బస్సు మునగాల దాటేదాకా ఆ వేలిని కొంగుకు తుడుస్తూనే ఉంది.

ఇంటికొచ్చి ఫోటో చూపిస్తే విష్ణువర్ధన్ రెండు వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. "ఖాళీ అంచే గద. ఎండల తిరిగి పరేషాన్ అయినవ్. వాక్యం మాత్రం మస్తుంది, ఎక్కియ్యి."

"ఆ వాక్యం ఆమెది కాదంట" అంది గీతాంజలి, వినీ వినపడనంత మెల్లగా.

"ఎవరామె?" అంటూనే అతను టీవీ వైపు తిరిగాడు. జవాబు కోసం ఆగలేదు.

ఆమె మిగతా ఫోటోలు తెరిచింది. కోదాడలో రాత చూసింది ఒక్క పేజీలోనే. ఇప్పుడు ముప్పై మూడులో ఉంది, యాభైలో ఉంది, చివరి పేజీల్లో అంచులు చాలక వరుసల మధ్యన కూడా ఉంది. చదవడానికి ధైర్యం చాలలేదు. ఫోన్ బోర్లించి పెట్టింది. 'అలికిడి'కి ఆ వాక్యం ఎక్కించలేదు.

మరునాడు మధ్యాహ్నం విష్ణువర్ధన్ కాలేజీలో ఉన్నాడు. అన్నపూర్ణమ్మ చాప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. గీతాంజలి ఫోన్‌లో నలభై ఒకటో పేజీ తెరిచి చూస్తుంటే వంటింట్లో పాలు పొంగాయి. ఫోన్ చాప మీదే వదిలి లేచి వెళ్ళింది. స్టవ్ ఆపుతుంటే వెనక నుంచి అత్తగారి గొంతు వినిపించింది. నెమ్మదిగా, ఎక్కడా తడబడకుండా, "ఈ పుస్తకము నేను వ్రాసితిని. ఈ వాక్యమొక్కటి వారు చేర్చిరి."

గీతాంజలి గిన్నె దించి చాప దగ్గరికి వచ్చింది. అన్నపూర్ణమ్మ బడికి పోలేదు. బ్యాంకులో వేలిముద్ర వేస్తుంది. బస్సు బోర్డు కూడా పక్కవాళ్ళను అడిగి ఎక్కుతుంది.

"అత్తమ్మా, ఎట్ల సదివిండ్రు?"

అన్నపూర్ణమ్మ తనూ బెదిరినట్టే చూసింది. "సదువుడో ఏందో నాకు తెల్వది బిడ్డా. ఆమె చెప్తున్నట్టే ఉన్నది." ఫోన్ మీదికి వంగి, "బుక్కు ఈమె రాస్తె మీద ఆయన పేరెందుకేసిండ్రు?" అంది.

"ఆ కాలంల గట్లనే ఏస్తుండె, అత్తమ్మా."

అన్నపూర్ణమ్మ తల ఎత్తి కోడలి ముఖంలోకి చూసింది. తొమ్మిదేళ్ళలో అంతసేపు ఎన్నడూ చూడలేదు. "ఇప్పుడో?"

గీతాంజలి చాప మీద కూర్చుంది. నిఘంటువులో విష్ణువర్ధన్ ఖాతాలోంచి బయటికొచ్చింది. కొత్త ఖాతా తెరిచి, పేరు అడిగిన చోట తన పేరు రాసింది. తర్వాత 'నేను' అన్న మాట వెతికింది. అర్థం ఉంది, ఉదాహరణ లేదు. అచ్చులో లేని వాక్యం చెల్లదని అక్కడి నియమం. రేపు ఎవరైనా తీసేయవచ్చు. తీసేస్తే మళ్ళీ పెడతాననుకుంది. "ఈ పుస్తకము నేను వ్రాసితిని" అని టైపు చేసి, పేజీ సంఖ్య వేసి, భద్రపరిచింది.

అన్నపూర్ణమ్మ చింతపండు చేతిని చీర కుచ్చిళ్ళకు తుడుచుకుని, ఫోన్ మీద వేలు జరిపి తర్వాతి పేజీ తీసింది.

"ఇంక శానున్నది. నేను చెప్త, నువ్వు రాయి."