నాన్న ఆపిన మాట

ఆ ఇంగ్లీషు మాటలో టీ అక్షరాలు రెండా మూడా, ఆసుపత్రిలో అమ్మ మంచం చివర వేలాడే అట్ట మీద నర్సు అటు తిరగ్గానే చూసి అరచేతిలో రాసుకున్నాను, నాన్నను అక్కడే వదిలి బస్సెక్కి మా ఇల్లున్న క్వేకర్స్ హిల్ చేరేసరికి చెమటకు సగం చెరిగింది, మూడే అయుండాలి, మెటాస్టాటిక్, మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో మేష్టారు ఇలాంటి మాట ఎప్పుడూ చెప్పలేదు, ఇక్కడి స్కూల్లో అడుగుదామంటే నాకు నోరు పెగలదు, పెగిలినా నా ఇంగ్లీషు విని వెనక బెంచీ అమ్మాయిలు ముఖాలు చూసుకుంటారు, కంప్యూటర్ అయితే నవ్వదు, దాన్నే అడిగాను, హాల్లో నాన్న కంప్యూటర్ ఫోన్ లైన్ పట్టుకుని కాసేపు కీచుమంది, నా తెర మీదికి ఒక తెల్ల పేజీ వచ్చింది, ఈ పేజీకి అనుమతి లేదు.

దాన్ని ప్రాక్సీ అంటారని నాన్నే చెప్పాడు, నా గదిలోది వాళ్ల ఆఫీసు వద్దనుకున్న పాత కంప్యూటర్, అది నేరుగా ఇంటర్నెట్‌లోకి పోలేదు, నేను ఏది అడిగినా ముందు హాల్లో ఉన్న నాన్న కంప్యూటర్‌కి చేరుతుంది, అది నాన్న ఆఫీసు నుంచి తెచ్చిపెట్టిన, ఆపాల్సిన మాటల జాబితా చూసుకుని మంచిదైతే తెచ్చిస్తుంది, కాకపోతే లేదంటుంది, ఏమయ్యా యోగానంద్, ఆఫీసులో కంప్యూటర్లకు కాపలా చాలక ఇంట్లో కూడా గేటు పెట్టావా అని నాన్నతో పనిచేసే రామానుజం అంకుల్ పార్కులో, ఇక్కడివాళ్లు బార్బీ అనే పొయ్యి మీద మొక్కజొన్న పొత్తులు తిప్పుతూ నవ్వారు, కొత్త దేశమండీ, ఆడపిల్ల, మన జాగ్రత్తలో మనం ఉండాలి కదా అన్నాడు నాన్న, అమ్మ కూడా నవ్వింది, నవ్వుతూ డొక్క పట్టుకుంది, అప్పటికే నొప్పి ఉందేమో నాకు తోచలేదు, ఆ గేటుకు ఒక్కోసారి తిక్క, పక్కింటి ఫహ్మీదా ఆంటీ అడిగిందని చికెన్ బ్రెస్ట్ ఎలా వండాలో వెతికితే అదీ ఆపేసింది, అరే బేటా, మీ డాడీ కంప్యూటర్ కోడిక్కూడా పర్దా వేసిందా అని ఆంటీ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది, ఇదీ అలాంటి పొరపాటే, పొరపాటే అయుండాలి.

అల్సర్ అని కొట్టాను, కడుపులో పుండు, రెండు వారాలు మందులేస్తే చాలని నాన్న చెప్పిన జబ్బు, ఇప్పటికి ఏడో వారం, అది వెంటనే తెరుచుకుంది, బొమ్మలతో సహా, కామెర్లు తెరుచుకున్నాయి, టీబీ తెరుచుకుంది, లోకంలో జబ్బులన్నీ నేను చదవొచ్చు, ఇక మిగిలింది ఒక్కటి, మా ఊళ్లో పోస్టుమాస్టరు గారి భార్యకు వచ్చినప్పుడు ఎవరూ పేరు పెట్టి అనలేదు, ఆ జబ్బు అనే అన్నారు, దాని స్పెల్లింగ్ నాకు వచ్చు, సి తర్వాత ఏ, క్యాన్సర్, కొట్టేశాను, అనుమతి లేదు, కోడిని ఆపిన పేజీ అడుగున ఆఫీసు జాబితా అని ఉండింది, దీని అడుగున యోగానంద్ చేర్చినది అని ఉంది, పక్కన తేదీ, ఆగస్టు పదకొండు, వెనక్కి వెళ్లి మూడు టీల మాట మళ్లీ అడిగాను, అదే పేరు, అదే తేదీ.

డైరీ తీశాను, ఆగస్టు పదకొండు, బుధవారం, నా గుండ్రటి అక్షరాలు, నాన్న ఈరోజు మధ్యాహ్నమే వచ్చాడు, అమ్మ పరీక్షల కాగితాలు వచ్చాయట, ఏం లేదమ్మా దుర్గా, పుండే, భయపడకు అన్నాడు, ఐస్‌క్రీం తెచ్చాడు, తను తినలేదు, పన్ను నొప్పి అన్నాడు, కంప్యూటర్ ముందు కూర్చున్నాడు, దగ్గరికి వెళితే తెర ఆర్పేశాడు, వైటూకే పనమ్మా, రెండువేలు వచ్చేసరికి ఆఫీసు మిషన్లన్నీ ఆగిపోతాయట, నువ్వెళ్లి చదువుకో అన్నాడు, చీకటి పడేదాకా లేవలేదు, కింద నేనే రాశాను, నాన్నకు నాకన్నా కంప్యూటరే ఎక్కువ అని, రాసి రెండు గీతలు గీశాను, అంత కోపం, పుండే అయితే పరీక్ష కాగితాలు వచ్చిన రోజునే ఈ మాటలెందుకు ఆపాలి, ఏ మాట ఆపాలో తెలియాలంటే ముందు ఆ మాట వెనక ఉన్నదంతా చూసుండాలి, ఎంత దూరం పాకిందో, ఇంకా ఎన్ని నెలలో, ఎంతమంది బతికారో, నాన్న అడిగిన పేజీని అనుమతి లేదని ఆపడానికి ఈ ఇంట్లో ఎవరూ లేరు, అన్నీ తెరుచుకునే ఉంటాయి, ఒకదాని తర్వాత ఒకటి, అమ్మ ఇక ఇంటికి రాదని నాన్న ఆ మధ్యాహ్నం నుంచి చీకటి దాకా ఒక్కడే చదివాడు, చదివి, నాకు కనపడకుండా తలుపులు మూసి, లేచి నా గదిలోకి వచ్చి, ఐస్‌క్రీం బాగుందా అమ్మా అని అడిగాడు.