ఏ అమ్మవు తల్లీ?

జొన్నరొట్టె తట్టాలంటే అరచెయ్యి విప్పారాలి. ఆ సాయంత్రం బాలనాగమ్మ చెయ్యి విప్పారలేదు. బొటనవేలు లోపలికి ముడుచుకుంది, మిగతా వేళ్లు కొంగముక్కులా దగ్గరికొచ్చాయి. పిండిముద్ద జారి పీట మీద పడింది. మూతి చుట్టూ చీమలు పాకుతున్నట్టుంది. భయం కంటే ముందు ఆమెకు వింతగా అనిపించింది. తన చెయ్యే తన మాట వినకుండా ఎటు పోతోందో చూద్దామని, పొయ్యి వెలుగులో తిప్పి తిప్పి చూసుకుంది.

మెడలో థైరాయిడ్ గడ్డ తీసేసి ఇంకా నెల కాలేదు. ఆ గడ్డ వెనక జొన్నగింజలంత గ్రంథులుంటాయనీ, ఒంట్లో సున్నం, అంటే కాల్షియం, సంగతి చూసేవి అవేననీ, ఆపరేషన్‌తో అవి పనిచేయడం మానేశాయనీ పట్నం డాక్టరమ్మ చెప్పింది. ఇన్నేళ్లు తనలోనే ఉండి, పని మానేశాక గానీ ఉన్నాయని తెలియనివి! పుట్టింటి నుంచి తనతో వచ్చినవి లోపల ఇంకేం మిగిలాయో అని బాలనాగమ్మ ఆ రోజంతా ఆలోచించింది. "కాల్షియం బిళ్లలు మానొద్దు. వేళ్లు కొంకర్లు పోతే వెంటనే దవాఖానకు పో, సూదేస్తారు. ఆలస్యమైతే గొంతు బిగుసుకుని ఊపిరాడదు" అని కూడా చెప్పింది డాక్టరమ్మ.

బిళ్లలు మొన్ననే అయిపోయాయి. కొత్తవి తెమ్మంటే, "గడ్డ తీసేసిండ్రు గద, ఇంకేం రోగం? పత్తి ఏరెటోళ్లు దొరుకుతలేరు, గీమెకు బిళ్లల పండుగ" అన్నాడు భర్త లింగయ్య. "నేను ఆరుగురిని కన్న. ఒక్క బిళ్ల మింగిన్నా?" అంది అత్త.

ఆ అత్తే ఇప్పుడు వంటింట్లోకి వచ్చి, వంకర్లు పోయిన ఆ చేతుల్ని చూసి కేక పెట్టింది. "ఓ లింగా, ఉరికి రారా! నీ పెండ్లాం మీదికి జములమ్మ తల్లి వచ్చింది!"

క్షణంలో వాకిలి నిండింది. ఎవరో వేపమండలు తెచ్చారు, ఎవరో ఆమెను వాకిట్లోకి తెచ్చి కాళ్ల మీద పసుపునీళ్లు పోశారు. లింగయ్య చేతులు జోడించాడు. "జర శాంతించు తల్లీ. ఏ అమ్మవు? పేరు చెప్పు. ఏం కావాలె?"

ఏం కావాలె. ఈ ఇంట్లో ఆ మాట తననెవరైనా అడగ్గా బాలనాగమ్మ ఎన్నడూ వినలేదు. ఇంకాసేపు వినాలనిపించింది కూడా. జములమ్మనని ఒక్క మాటంటే చాలు, బోనం వస్తుంది, మేకపోతు వస్తుంది. సూది మాత్రం రాదు. అమ్మవారిని దవాఖానకు ఎవరు తీసుకుపోతారు? గొంతులో అప్పుడే ఏదో బిగిసినట్టయింది.

"బాలనాగమ్మ" అంది.

గుంపులో గుసగుసలు. కాపురానికొచ్చిన నాటి నుంచీ ఈ ఊరికి ఆమె గోపాల్‌పేటామె, మొగుడికి 'ఏయ్'. అసలు పేరు ఎవరి నోటా రాక మరుగునపడింది. కొత్త అమ్మోరనుకున్న లింగయ్య ఇంకాస్త వంగాడు. "గట్లనే తల్లీ. మరి ఏ ఊరి అమ్మవు?"

"గోపాల్‌పేట. నీ పెండ్లాన్ని. చేతులు దించి ఆటో తే, దవాఖానకు పోవాలె."

"గట్లనకే, అమ్మోరికి కోపమొస్తది!" అంది అత్త.

లింగయ్య చేతులు ఎటూ కదల్లేదు. దించితే దేవతకు అపచారం, దించకపోతే పెండ్లానికి దండం. బాలనాగమ్మకు నవ్వొచ్చింది గానీ మూతి సాగలేదు. జనాన్ని మోచేతులతో జరుపుకుంటూ, ఎస్టీడీ బూత్ దగ్గర ఆటోలు ఆగే చోటికి నడిచింది.

"ఓ బాలనాగమ్మా! ఆగు, నేనూ వస్త!" వెనక నుంచి లింగయ్య.

పేరు తప్పు లేకుండా పలికాడు. ఆమె ఆగలేదు.